చెల్లె వేలు చూపిన రోజు

ఈ ఉదయం మా వాకిట్లో నా మనవరాలు కూరగాయలామెతో బేరమాడుతోంది. ఎల్లారెడ్డిలో మా గల్లీ ఆ చివరిదాకా వినబడే గొంతు. "గీ టమాటలు మెత్తగున్నయ్. గట్టియి ఎయ్యి, మా అన్న మెత్తయి ముట్టడు" అంటోంది. కూరగాయలామె తల పట్టుకుని, "ఏం పిల్లవే నువ్వు! నోరా, మైకా?" అంది. పేపరు చదవనివ్వడం లేదని విసుక్కోబోయి ఆగిపోయాను. ఒకప్పుడు ఆ నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఎదురుచూశాం.

నాది దర్జీ పని, ఇంటి ముందు గదే దుకాణం. అల్లుడు దుబాయిలో ఉంటాడు కనుక బిడ్డ, పిల్లలు మా దగ్గరే ఉంటారు. పెద్దవాడు మనవడు. మూడేళ్లు దాటినా పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెట్టేవాడు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని మూలకు చేరేవాడు. కామారెడ్డిలో డాక్టరు ఆటిజం అన్నాడు. అంతకుముందు ఆ మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. మా ఆమె బీడీలు చుడుతూ దాన్ని రకరకాలుగా పలికి చూసి, ఏదీ కుదరక, "పేరేదైతేంది, నా మనుమడు నా మనుమడే" అని మళ్లీ ఆకు అందుకుంది.

అప్పటికే బిడ్డ మళ్లీ కడుపుతో ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చూసినంత శ్రద్ధగా మా ఇంట్లో ఎవరూ ఏ పిల్లనూ చూసి ఉండరు. నవ్వితే పండుగ, నవ్వకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. చప్పుడుకు తిరుగుతుందో లేదోనని మా ఆమె వెనక నుంచి పళ్లేలు కింద పడేసేది. ఇప్పటికీ మా ఇంట్లో సొట్టలేని పళ్లెం దొరకదు. పిల్లకు ఏడాది నిండింది, ఏడాదిన్నర దాటింది. అమ్మ అనలేదు, తాత అనలేదు. పైగా అన్నను చూసి తనూ మా చేతులు పట్టి లాగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం బిడ్డ దుకాణంలోకి వచ్చి నిలబడింది.

"బాపూ, ఇది గూడ గట్లనే అయితదా?"

కత్తెర పక్కన పెట్టాను. "నాకేం ఎరుక బిడ్డా. పా, పోయి అడుగుదాం" అన్నాను.

మనవడికి మాటలు నేర్పే మేడం కామారెడ్డిలోనే ఉండేది. ఆమె చాప మీద కూర్చుని మనవరాలితో సబ్బు బుడగలు ఊదుతూ చాలాసేపు ఆడింది. తర్వాత మా వైపు తిరిగి, "అన్నకు ఉన్నదని చెల్లెకు ఉంటదని గాదు, ఉండదనీ గాదు. జర ఎక్కువ కనిపెట్టాలె, అంతే. మాటల సంగతి తర్వాత. ఏదన్న వేలితోటి చూపెట్టి, మీరు గూడ చూస్తున్నరా అని మీ మొఖం దిక్కు చూస్తదా? అది చూడుండ్రి" అంది.

తిరిగి వచ్చే బస్సులో బిడ్డ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో చిన్నది, నా ఒళ్లో పెద్దవాడు. లింగంపేట దాటాక రోడ్డుకు బర్లు అడ్డం వస్తే బస్సు ఆగింది. మా ముందు సీట్లో ఒక ముసలాయన అరటిపండు ఒలుచుకుంటున్నాడు. కిటికీలోంచి ఒక కోతి చెయ్యి పెట్టి పండు గుంజుకుని చెట్టెక్కింది. చిన్నది "ఆ!" అంటూ వేలు చాపింది. కోతిని చూపింది. తల తిప్పి వాళ్లమ్మ ముఖంలోకి చూసింది. మళ్లీ కోతిని, మళ్లీ అమ్మను. తర్వాత నన్ను కూడా చూసి, పడీ పడీ నవ్వింది.

"బాపూ, నా దిక్కు సూసింది! సూపెట్టి నా దిక్కు సూసింది!" అని బిడ్డ గట్టిగా ఏడ్చేసింది. కండక్టరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా, కోతి కరిసిందా?"

"లేదన్నా, మా పోరి కోతిని సూపెట్టింది!"

"కోతిని సూపెడితే ఏడుస్తరా?" అన్నాడాయన అయోమయంగా. ముసలాయన వెనక్కి తిరిగి, "నా పండు పాయె, మీకు సంబురమా?" అన్నాడు. నేను బస్టాండులో దిగాక ఆయనకు పండ్లు కొనిచ్చి, మా సంగతంతా చెప్పాను. ఆయన ఒక పండు తీసి చిన్నదాని చేతిలోనే పెట్టి వెళ్లాడు.

మళ్లీ వెళ్లి చెబితే మేడం మాత్రం, "మంచి గుర్తే. ఆడిపిస్తనే ఉండుండ్రి" అంది. ఆడించాం. కొన్ని నెలలకు మొదటి మాట వచ్చింది: "అన్న". తర్వాత వరుసపెట్టి మాటలు. ఇక ఈ పిల్ల విషయంలో భయం లేదని మేడం చెప్పిన రోజు మా ఆమె గల్లీకంతా బెల్లం పంచింది.

అసలు సంబరం ఆ తర్వాత ఉంది. నా కుట్టుమిషను చక్రం తిరుగుతుంటే మనవడు లోకం మరిచేవాడు. చిన్నది దాన్ని తిప్పి, చటుక్కున ఆపి, వాడి ముఖంలోకి చూస్తూ ఊరుకునేది. మాకెవరికీ లేనంత ఓపిక దానికి. వాడు చూసేదాకా తిప్పేది కాదు. నా పని పాడైనా మిషను వాళ్లకే వదిలేశాను. ఆ ఆట ఒక ఎండాకాలమంతా సాగింది. ఒకనాడు చక్రం ఆగింది. వాడు తలెత్తి చెల్లె కళ్లలోకి చూసి, తేటగా, "తిప్పు" అన్నాడు. వంటింట్లోంచి బిడ్డ పరిగెత్తుకొచ్చేసరికి చక్రం తిరుగుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు.

ఇప్పటికీ వాడివి కొద్ది మాటలే. కానీ ఎవరికి చెప్పాలో వాళ్లను చూసి చెబుతాడు. ఒక్క మాట కోసం ఎదురుచూసిన ఆ రోజులు ఎంత పొడుగ్గా ఉండేవో చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. మాటలు వచ్చాక గడిచిన ఏళ్లు ఎటు పోయాయో నాకే తెలియదు.