వినపడటం లేదని చెప్పిన ఆదివారాలు

ఆయన గొంతు నాకు చాలా స్పష్టంగా వినిపించేది. ఈ ఒక్క ముక్క అప్పుడు నోటితో చెప్పి ఉంటే ఇప్పుడు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

మా జంషెడ్‌పూర్‌లో ఒక హ్యామ్ రేడియో క్లబ్బు ఉంది. లైసెన్సు పరీక్ష పాసై, ఇంట్లో సెట్టు, ఇంటి మీద యాంటెన్నా పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే డజను మందిమి. ఛఠ్ పండక్కి నది రేవుల్లో తప్పిపోయిన పిల్లల్ని వెతికిపెడతాం, పరుగు పందేలకి దారి పొడవునా నిలబడి కబుర్లు అందిస్తాం, పేపర్లో ఫొటో వేయించుకుంటాం. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి అందరం ఒకే చోట కలుస్తాం, రేడియోలోనే. హాజరు పిలిచేవాణ్ణి నేను. టెల్కో కాలనీలో మా క్వార్టర్ ముందు గదిలో టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ల సిగ్నల్ ఎలా వస్తోందో చెప్పేవాణ్ణి. బాగుంటే ఫైవ్ నైన్, అంటే నూటికి నూరు మార్కులు.

ఈ రేడియోలో ఒక తిరకాసు ఉంది. ఎవడి గొంతు ఎలా వెళ్తోందో వాడికి తెలీదు. అవతలివాడు చెప్పాలి, ఇవతలివాడు నమ్మాలి. అందుకే సిగ్నల్ సంగతిలో మాత్రం అబద్ధం ఆడకూడదని చేరిన రోజే చెప్తారు. మా క్లబ్బులో కొత్తవాళ్లకి ఆ మాట చెప్పే పెద్దమనిషినీ నేనే.

భుయ్యాడీహ్‌లో నదికి రెండు సందుల ఇవతల ఉండే ఒక ముసలాయన మూడోసారికి ఆ పరీక్ష పాసై మాలో చేరాడు. మందస వైపు మనిషి. నలభై ఏళ్లు కాంట్రాక్టర్ల కింద వెల్డింగ్ చేసి, చూపు తగ్గి మానేశాక ఈ పిచ్చి పట్టుకుంది. మా నాన్నదీ ఆ వైపే అని తెలియగానే నన్ను బాబూ అన్నాడు. నేను మావా అన్నాను. యాంటెన్నా కొనలేదు, అల్యూమినియం గొట్టాలు కోసి తనే చేసుకున్నాడు. నిజం చెప్పాలంటే క్లబ్బులో అంత శుభ్రమైన సిగ్నల్ ఇంకెవరికీ లేదు, నాకు కూడా.

చిక్కంతా ఆయన మాటతోనే వచ్చింది. మేం హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకోవాలని కట్టుబాటు. ఆయన హిందీలోనే మొదలుపెట్టేవాడు. నా దగ్గరికొచ్చేసరికి నోరు ఊరెళ్లిపోయేది.

“ఏటి బాబూ, టిపినీ అయినాదా? మీ యమ్మకి మోకాళ్లెలాగున్నాయి? రేతిరి ఆవదం రాసి పడుకోమని సెప్పు. మరిసిపోకు.”

పన్నెండు మంది వింటున్నారు. మా అమ్మ మోకాళ్లు జంషెడ్‌పూర్ అంతా ఊరేగాయి. మా సెక్రటరీ వెంటనే నాకు ఫోన్ చేసి, “ఆగయా తేరా ససుర్,” వచ్చాడు నీ మావగారు, అని పడీపడీ నవ్వేవాడు. మిగతావాళ్లు కలిసినప్పుడు ‘ఏటి బాబూ’ అని నన్ను పలకరించడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు బళ్లో నా హిందీకి నవ్వినవాళ్ల మధ్యే పెరిగి, ఆ యాసను ఆనవాలు లేకుండా వదిలించుకున్నవాణ్ణి నేను. వదిలించుకున్నదాన్ని ఈయన ప్రతి ఆదివారం తెచ్చి నా గుమ్మంలో పడేస్తున్నాడు. నాకు కడుపు మండిపోయేది. ఆ మంటను ఇవాళ తగ్గించి రాయను.

ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం ఆయన మందసలో ఎవరి పెళ్లి గురించో ఎత్తుకున్నాడు. నేను మధ్యలో అడ్డుపడ్డాను.

“మావా, నీ మాట ముక్కలుముక్కలుగా వత్తంది. ఏటీ ఇనపడట్లేదు.”

ఆయన వెనకాల కుక్కర్ మూడో కూత కూడా నాకు వినపడింది. ఆయన భార్య ‘ఆ డబ్బా ఒగ్గేసి రా, కూడు సల్లారిపోతంది’ అనడం వినపడింది. ఆయన మాత్రం గాభరా పడిపోయాడు. “అలాగా? ఏటయిపోనాదో. సూత్తానుండు,” అని సెట్టు కట్టేశాడు. తర్వాత అరగంట హాయిగా గడిచింది. సెక్రటరీ ఫోన్ చేసి నా తెలివిని మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి అది మా క్లబ్బు పద్ధతి అయిపోయింది. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు. ఆయన పలకగానే ఒకడు “సర్, వినపడటం లేదు” అనేవాడు, మిగతావాళ్లు అవునవును అనేవాళ్లు. తిలాపాపం తలా పిడికెడు. అందులో పెద్ద పిడికెడు నాది.

వారం వారం ఆయన ఏదో ఒకటి మార్చేవాడు. కేబుల్ మార్చాడు. అతుకులన్నీ ఊడదీసి మళ్లీ అతికాడు. రేకుల కప్పు మీద చెప్పుల్లేకుండా ఎక్కి అరికాళ్లు బొబ్బలెక్కించుకున్నాడు. కరెంటు సరిగ్గా వెళ్తోందో లేదో చూపించే మీటరు ఆయన దగ్గర ఉంది. దాని సంగతి ఒకసారి ఎత్తాడు.

“మీటరు బాగానే సూపిత్తంది బాబూ. గానీ నీకు ఇనపడకపోతే మీటరేటి సేసుకుంటాను? నువ్వు సెప్పిందే నిజం.”

నేను జాలిపడాల్సింది. పడలేదు. “గొట్టం ఇంకో మూడడుగులు లేపు మావా,” అన్నాను. లేపబోయి జారి, ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం కట్టు కట్టుకున్న చేత్తోనే వచ్చి, “ఇప్పుడెలాగున్నాది?” అని అడిగాడు. ఆయన గొంతు చెంప మీద కొట్టినంత స్పష్టంగా వినిపించింది. “కొంచెం నయం. గానీ మాట తెలీట్లేదు,” అన్నాను. కొంచెం నయం అనడం ఎందుకంటే, ఆశ చచ్చిపోతే మానేస్తాడని. ఎందుకో మరి, మానేయడమూ మాకు ఇష్టం లేదు. ఈ వారం ఏం మార్చి ఉంటాడో చూద్దామని కొందరు హాజరుకి ముందే సెట్టు పెట్టుకుని కూర్చునేవాళ్లు.

ఆషాఢంలో వానలు ఆగకుండా పట్టుకున్నాయి. పైన డ్యామ్ గేట్లు ఎత్తితే సువర్ణరేఖ పొంగుతుంది, నది పొడవునా మనుషుల్ని పెట్టి నీటి మట్టం ఎప్పటికప్పుడు చెప్పండి అని ఆఫీసర్లు మా క్లబ్బుని అడిగారు. మాంగో వంతెన దగ్గర ఒకడు, భుయ్యాడీహ్‌లో ఒకడు, ఇంకా అక్కడక్కడా. మీటింగుకి ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెట్టు సంచిలో పెట్టుకుని వచ్చాడు. భుయ్యాడీహ్ పేరు రాగానే నోరు విప్పాల్సిన పని ఎవరికీ లేదు. ఆయన కప్పెక్కి నిలబడితే నది కనపడుతుంది. అంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదని గదిలో అందరికీ తెలుసు.

ఆయనే లేచి నిలబడి, శుద్ధమైన హిందీలో చెప్పాడు. నన్ను లెక్కలోకి తీసుకోకండి, నా సెట్టు పలకదని మీ అందరికీ తెలుసు, ఇది జనం ప్రాణాలతో పని, మొహమాటానికి నాకివ్వొద్దు, అన్నాడు. సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“నువ్వు బాగుసేసి ఎవులికైనా ఇయ్యి బాబూ. మా సందుల్లో రెండొందల గడపలున్నాయి.”

ఒక్క మాట చాలు. మావా, నీ సెట్టు బంగారం, మేమే వెధవలం. అంత పొడుగు అక్కర్లేదు, ‘నీ సెట్టు పలుకుతుంది’ అంటే చాలు. నేను సెక్రటరీ వైపు చూశాను. ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ ఒక్క మాట అంటే పన్నెండు మంది పరువు పోతుంది. నేను సంచి పుచ్చుకున్నాను. భుయ్యాడీహ్ పని సాక్చీ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే ఒకడికి ఇచ్చాం.

మీటింగైన రెండో రోజు మధ్యాహ్నం నీళ్లు వచ్చాయి. మోటార్ సైకిల్ వాడు వానలో సందుల్లోకి దిగడం ఇష్టంలేక మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు చూరు కింద నిలబడి, అంతా మామూలే, అంతా మామూలే అని చెప్తూ పోయాడు. అక్కణ్ణుంచి నది కనపడదు. నేను టెల్కో కాలనీలో కూర్చుని ఆ మామూలునే ఆఫీసర్లకి అందించాను. కింది సందులో మోకాలి లోతు వచ్చేదాకా ఎవరికీ కబురు లేదు. ముసలాయన ఆ కట్టు చేత్తోనే తలుపు తలుపూ బాది మనుషుల్ని బయటికి లాగాడు. అందరూ బతికారు. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు, కుట్టు మిషన్లు, కట్టేసి ఉన్న మేకలు మాత్రం పోయాయి. తన ఇంటికి ఆఖర్న వెళ్లాడు కాబట్టి ఆయనకి ఏమీ మిగల్లేదు.

మర్నాడు బడిలో పెట్టిన శిబిరానికి క్లబ్బు తరఫున బ్రెడ్డు, దుప్పట్లు పట్టుకెళ్లాం. ఆయన వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చుట్టూ ఆయన సందువాళ్లు. ఇంటి మీద కొమ్ముల్లా అవి పెట్టుకుని రేడియోవాణ్ణని తిరిగావు, మాకు ఒక్క గంట ముందు చెప్పలేకపోయావా అని ఒకావిడ హిందీలో దులుపుతోంది. ఆయన నన్ను చూసి లేవబోయాడు.

“సెట్టు బాగయినాదా బాబూ? ఏటున్నాది అందులో?”

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని, తెలుగులో, గొంతు తగ్గించి చెప్పేశాను.

“ఏటీ లేదు మావా. అది ఎప్పుడూ బాగానే పలికింది. నాకు ఇనపడీది. అందరికీ ఇనపడీది. నానే అబద్ధం సెప్పినాను.”

ఆయన తిట్టలేదు. తన విరిగిన చెయ్యి వైపోసారి చూసుకున్నాడు. తర్వాత ఆ ఆవిడ వైపు, ఆమె వెనక నిలబడ్డ జనం వైపు చూపించాడు.

“ఆళ్లకి సెప్పు,” అన్నాడు. “హిందీలో సెప్పు.”

అందరూ నావైపు తిరిగారు. వరండా చివర సెక్రటరీ, పక్కన పేపరు ఫొటోగ్రాఫరు ఉన్నారు. నేను లేచి, యాస ఎక్కడా తగలని నా హిందీలో చెప్పాను. సెట్టులో లోపం ఉందమ్మా, అందుకే కబురు అందలేదు, ఇప్పుడు బాగుచేశాం, అని.

“అయితే తప్పు నీదే కదా చాచా,” అంది ఆవిడ.

ఆయన నా వైపు చూడలేదు. “హా బేటీ, నాదే,” అన్నాడు ఆమెతో. తర్వాత నాతో తెలుగులో అన్నాడు.

“ఎల్లు బాబూ. నిన్ను పోటోకి పిలుత్తన్నారు.”

వెళ్లాను. దుప్పట్లు పంచుతున్నట్టు నిలబడమన్నారు, నిలబడ్డాను.