మడిలో లాగిన లంగర్లు

నిన్న మా అక్క కొడుకు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపి, "పిన్నీ, చిన్న తెరచాప పడవ కొన్నాను. వీటిలో ఏ లంగరు తీసుకోమంటావు?" అని అడిగాడు. జీవితమంతా బడిపిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన మనిషిని లంగర్ల గురించి అడగడమేమిటని మీరనుకోవచ్చు. ఆ విద్య మావారిది. ఆయన లేరు కాబట్టి ప్రశ్న నా దాకా వచ్చింది. ఆ ఫొటోలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో, పాలు పొంగి స్టవ్వంతా పాడైంది.

మావారు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పుట్టింది దివిసీమలో, వ్యవసాయం చేసే ఇంట్లో. రిటైరయ్యాక అందరిలా స్థలాలూ షేర్లూ అనకుండా, ఎవరో వాడి వదిలేసిన తెరచాప పడవొకటి కొని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున కట్టేశారు. ఆయన కోరిక ఒక్కటే. ఓ సాయంత్రం నన్ను నది మధ్యకి తీసుకెళ్ళాలి, ఇద్దరం అక్కడ కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగాలి. నాకేమో నీళ్ళంటే చచ్చేంత భయం. బెజవాడ బెంజ్ సర్కిల్లో రోడ్డు దాటమంటే దాటుతాను గానీ మోకాటి లోతు నీళ్ళలో దిగమంటే దిగను. పోరు పడలేక, "పడవ నట్టేట్లో అరుగులా కదలకుండా నిలబడితే ఎక్కుతాను" అని షరతు పెట్టాను. దాంతో పీడ వదిలిందనుకున్నాను. ఆయన మర్నాడే ఆటోనగర్ వెళ్ళారు.

అక్కడ ఫోన్లో బొమ్మలు చూపించి, పాత లారీ కమాను పట్టీలతో మూడు రకాల లంగర్లు చేయించుకొచ్చారు. ఒకటి బావిలో పడ్డ చేదల్ని తీసే పాతాళ గరిగెలా నాలుగు కొక్కేలది. రెండోది అచ్చం నాగలి కర్రులా ఉండేది. మూడోదానికి రెండు పలకలు కాడకి అటూ ఇటూ వాలేలా బిగించి ఉండేవి, చూడ్డానికి విరిగిన మడత కుర్చీలా ఉండేది. ఏది గట్టిదో నదిలో తేల్చుకుంటారు ఎవరైనా. మావారు మూడింటినీ కార్లో వేసుకుని ఊరెళ్ళి, నాట్లకి దమ్ము చేసి ఉంచిన వాళ్ళ అన్నయ్యగారి మడిలో తేల్చారు. నది అడుగున ఉన్నదీ బురదే, మడిలో ఉన్నదీ బురదే అని ఆయన లెక్క. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి ఒక్కోదానికీ తాడు కట్టి లాగారు. కొక్కేలది చులాగ్గా వచ్చేసింది. పలకలది ముల్లంగి పీకినట్టు పైకి లేచింది. నాగలి మాత్రం కాసేపు మొరాయించింది. "చూశావట్రా! మన నాగలి మనల్ని వదలదు" అని బావగారు మీసం తిప్పారు. అన్నేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి కూడా నాగలనేసరికి కరిగిపోయి తలూపారు.

ఆ వారంలోనే నన్ను ఒడ్డున కూర్చోబెట్టి, ఆయనొక్కరే వెళ్ళి నది మధ్యలో ఆ నాగలి వేశారు. పడవ ఆగింది. ఆయన గర్వంగా చెయ్యూపారు, నేనూ ఊపాను. అలా ఊపుకుంటూనే ఉన్నాం, ఆయన మాత్రం చిన్నగా దూరమైపోతున్నారు. నాగలి దాని పని అది చేసుకుంటూ నది అడుగుని దున్నుకుపోతోంది. చివరికి చేపలు పట్టేవాళ్ళు పడవని లాక్కొచ్చారు. ఇంటికొచ్చాక ఆయన ముఖం చూస్తే నాకు నవ్వు రాలేదు. షరతు పెట్టిన నోటితోనే, ఎలాగోలా ఆ పడవ నిలబడేలా చూడమని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

తప్పెక్కడుందో ఆయనే పట్టుకున్నారు. గట్టు మీంచి లాగితే తాడు లంగర్ని పైకి లేపేస్తుంది. నదిలో తాడు పొడుగ్గా వదిలితే అది అడుగునే పడుకుంటుంది. "గట్టు దిగి, దూరం నుంచి వంగి లాగుదాం అన్నయ్యా" అని మళ్ళీ మడిలోకి దింపారు. ఈసారి పలకలది లాగేకొద్దీ లోపలికి దిగింది. లాగి లాగి బావగారు కాలు జారి బురదలో కూర్చుండిపోయి, అక్కణ్ణించే గట్టు మీదున్న నాతో, "ఇంక నువ్వు పడవెక్కక తప్పదమ్మాయ్, ఇది ట్రాక్టరుకి కూడా రాదు" అన్నారు. మావారు నింపాదిగా దాని పక్కకెళ్ళి నిలువునా ఎత్తితే సునాయాసంగా వచ్చేసింది. మా అక్క కొడుక్కి అదే రాశాను: బురదకి పలకలది కొనుక్కో, తాడు దగ్గర పిసినారితనం చెయ్యకు.

వరదలు తగ్గి చలికాలం మొదలయ్యాక పడవెక్కాను. పడవ ఒడ్డు వదిలిన దగ్గర్నించీ కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆయన లంగరు వేసి, తాడు చాలా దూరం వదిలారు. పడవ కాస్త వెనక్కి జరిగి, ముక్కు ప్రవాహానికి ఎదురుగా తిప్పుకుని నిలబడిపోయింది. కళ్ళు తెరిస్తే కొండపల్లి కొండల మీద పచ్చటి ఎండ, చెక్కకి తగిలే నీటి చప్పుడు. అంత కష్టపడి తీసుకొచ్చిన మనిషి నది వైపు చూడనే లేదు, నా ముఖమే చూస్తున్నారు. "భయమేస్తోందేమిటోయ్?" అన్నారు. "మీరు అటు చూడండి, సిగ్గేస్తోంది" అన్నాను, ఆ వయసులో. కాఫీ అయిపోయాక, "ఇంకో అరగంట ఉందామా?" అన్నారు. నాకూ ఉండాలనే ఉంది. ఇంటికెళ్ళి పప్పు రుబ్బుకోవాలని గుర్తొచ్చి, "రేపు వద్దాంలెండి" అన్నాను. ఆ చలికాలంలో మళ్ళీ చాలాసార్లే వెళ్ళాం. తర్వాతి వానాకాలానికి ఆయన లేరు. ఎండ వాలేసరికి ఆయన పక్కన ఆ పడవలో కూర్చోవాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ రోజు ఇంకో అరగంట తీరిక లేదన్న నాకు ఇప్పుడు సాయంత్రాలన్నీ ఖాళీయే.