వెనక సీట్లో నిండు గ్లాసు

మా రామచంద్రం కాక కారెక్కిన మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండే యోగం లేదు. వెనక సీట్లో కూర్చోగానే చేతికి ఒక గాజు గ్లాసు ఇస్తాడు. అందులో అంచుదాకా చాయ్ ఉంటుంది. మనం సంతోషపడి నోటి దగ్గరికి తీసుకుపోయేలోపే ఆయన అద్దంలోంచి చూసి, "తాగకు, పట్టుకో" అంటాడు. దిగేదాకా అలా పట్టుకుని కూర్చోవాలి. దిగేటప్పుడు గ్లాసు వెనక్కి తీసుకుని, వెలుతురుకి ఎత్తి, ఎంత మిగిలిందో చూసి, నిట్టూర్చి, చల్లారిన చాయ్‌ని రోడ్డు పక్కన పారబోస్తాడు. మిగలనిదంతా మన బట్టల మీద ఉంటుంది.

ముందు సీట్లో కూర్చుని ఈ గండం తప్పించుకుందామని నేనూ ప్రయత్నించాను. ఆ సీటు చాయ్ ఫ్లాస్కుది. దానికి సీటు బెల్టు కూడా పెట్టి ఉంచాడు.

నేను నల్గొండలో వాళ్లింటి మీది పోర్షన్‌లో కిరాయికి ఉంటాను. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. కాక అంతకుముందు నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపేవాడు. అది మూసేశాక, ఒకప్పుడు హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి తిరిగిన విదేశీ కారును తెచ్చుకున్నాడు. తోలు సీట్లు, నున్నటి కర్ర బిగించిన డ్యాష్‌బోర్డు. తలుపు వేస్తే ఇనప బీరువా మూసినట్టు గంభీరంగా చప్పుడు వచ్చేది. చూపుకి ఏ లోటూ లేదు. వయసు మీద పడి వెనక చక్రాల షాకబ్జర్లు మాత్రం అరిగిపోయాయి. ముందు కూర్చున్నవాళ్లకి రోడ్డు ఉన్నట్టే తెలిసేది కాదు. వెనకున్నవాళ్లకి నల్గొండలోని ప్రతి గుంతా పేరు పెట్టి పిలిచేంత పరిచయమైపోయేది.

కారు కొన్నాక మొదట్లో ఈ చాయ్ పిచ్చి లేదు. అది పోయిన ఏడాది ఉన్నట్టుండి పట్టుకుంది. ఎందుకు కాకా అని అడిగితే, "షాకబ్జర్ల సంగతి చాయ్‌కి ఎర్కయినంత ఎవలకు ఎర్క గాదు బిడ్డా" అని ఊరుకునేవాడు. కాక భార్య రమ చిన్నమ్మ పొద్దున్నే గిన్నెడు చాయ్ కాచి ఫ్లాస్కులో పోస్తూ, ఇంట్లో తాగేదానికంటే కారులో ఒంపేదే ఎక్కువైందని గొణిగేది. అయినా ఏ రోజూ ఫ్లాస్కు ఖాళీగా పంపలేదు.

పొద్దున కాలేజీ దాకా కాక దింపుతానంటే నేను కాదనలేకపోయేదాన్ని. గంజి పెట్టిన కాటన్ చీరలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బలైపోయాయి. చివరికి చీరల దుకాణంలో నాకు తెలియకుండానే చాయ్ రంగు చీరలు ఏరుకోవడం మొదలుపెట్టాను. మా వీధి చివర డ్రైక్లీనింగ్ నడిపే అమరేందర్‌కి మూట విప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. "కాక కారెక్కినవా అక్కా" అని జాలిగా అడిగి తీసుకునేవాడు. కాక పుణ్యమా అని అతను దుకాణానికి కొత్త బోర్డు కూడా పెట్టించుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద ముచ్చట మా వార్డు నాయకుడు దివాకర్‌ది. ఆయన ఒక సభకి పెద్ద కారులో దిగాలని మోజుపడి కాకను అడిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఇస్త్రీ మడతకి వేలు పెడితే తెగేటట్టున్నాయి. చేతికి గ్లాసు రాగానే, కాక తనకు మర్యాద చేస్తున్నాడనుకుని మురిసిపోయాడు. గడియారం సెంటర్ దగ్గర స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆ తర్వాత దివాకర్ సభ జరిగినంతసేపూ, నిండు మే నెలలో, కండువాను దుప్పటిలా కప్పుకుని వేదిక మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేకపోయినా వచ్చాడని జనం మెచ్చుకున్నారట. కాకకి అదేమీ పట్టలేదు. గ్లాసు ఎత్తి చూసుకుని, "సగం గూడ మిగల్లే" అని దిగులుపడ్డాడు.

దిగులుపడి ఊరుకుంటే ఆయన రామచంద్రం కాక ఎందుకవుతాడు? ఇన్నేళ్లు లారీలతో బతికిన మనిషి కనుక లారీ వైద్యమే చేశాడు. ఖాళీ లారీ ఎగిరెగిరి పడుతుందనీ, లోడు వేస్తే పసిపిల్ల తొట్టెలలాగా మెత్తగా ఊగుతుందనీ ఆయన అనుభవం. డిక్కీలో బియ్యం బస్తాలు వేసేశాడు. మెత్తగా ఊగలేదు సరికదా, కారు వెనక భాగం నేలకి కూలబడి, ముందు భాగం ఆకాశం కేసి లేచింది. పొద్దుగూకాక లైట్లు వేస్తే రోడ్డు తప్ప మిగతావన్నీ కనిపించేవి. కరెంటు తీగల మీద నిద్రపోయే పిట్టలు లేచి ఎగిరిపోయేవి. ఉన్న కాస్త ప్రాణం కూడా పోయి షాకబ్జర్లు పూర్తిగా చేతులెత్తేశాయి.

అప్పుడు దేవరకొండ రోడ్డులో షెడ్డు నడిపే ఇస్రాయేలు దగ్గరికి పోక తప్పలేదు. నేను కాలేజీకి పోవాల్సిన దాన్ని, గ్లాసుతో సహా ఆ షెడ్డుకి చేరాను. ఇస్రాయేలు డిక్కీ మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి వదిలాడు. మంచి బండి ఒకసారి లేచి నిలబడిపోతుందట. మాది చాలాసేపు తల ఊపుతూనే ఉంది. కింద దూరి చూసి, షాకబ్జర్లలో నూనె అంతా కారిపోయిందన్నాడు. తర్వాత డిక్కీ తెరిచి, ఒక బస్తాను అరచేత్తో తట్టి చూశాడు.

"కాకా, ఇది కారు. లారీ గాదు."

"లారీ అయితే గిట్ల సతాయించునా" అన్నాడు కాక.

ఇస్రాయేలు కూడా తక్కువవాడు కాదు. కొత్తవెందుకని, ఏదో తుక్కు కింద పడేసిన కారులోంచి తీసిన పాతవి తెచ్చి బిగించాడు. ఆ రోజు నా చాయ్ చీర మీద పడలేదు. నేరుగా పోయి వెనక అద్దానికి తగిలింది. కాక దిగి, అద్దం మీద కారుతున్న చాయ్‌ని చూపించి, కొత్తవి తెప్పించమని ఒక్క మాట చెప్పాడు. హైదరాబాదు నుంచి అవి వచ్చేదాకా రోజూ షెడ్డుకి పోయి వాకబు చేశాడు. కాన్పు వార్డు బయట తిరిగే మనిషి కూడా అంత తిరగడు.

అవి వచ్చాక ఇస్రాయేలు ముందు బస్తాలు దింపించి, వెనక సీటు ఊడదీసి పైన నట్లు విప్పాడు. కింది బోల్టులు తుప్పు పట్టి కదలనంటే కిరోసిన్ పోసి, సుత్తితో బుజ్జగించి, తిట్టి తీశాడు. రెండు వైపులా కొత్తవి ఎక్కించాడు. కాక పక్కనే గొంతుకూర్చుని చూస్తూ మెచ్చుకోలుగా ఒక గ్లాసు చాయ్ పోసి అందించాడు. ఇస్రాయేలు నూనె చేతులతో అందుకుని అనుమానంగా చూశాడు.

"తాగాల్నా, పట్టుకోవాల్నా?"

"నువ్వు తాగు" అన్నాడు కాక. ఆ కారు చరిత్రలో తాగడానికి ఇచ్చిన మొదటి చాయ్ అదే.

సీటు బిగించాక నన్ను కూర్చోబెట్టి, ఊళ్లో ఉన్న ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదుగా, ప్రతి గుంతలోంచి తిప్పాడు. గడియారం సెంటర్ దాటాం. కారు ఒకసారి దిగింది, లేచింది, నిలబడిపోయింది. గ్లాసులో చాయ్ అంచుదాకా వచ్చి వెనక్కి తగ్గింది. నా చీర మీద ఒక్క చుక్క లేదు. కాక బండి ఆపి, గ్లాసు అందుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఈసారి నిట్టూర్చలేదు, పారబోయలేదు. మీగడ కట్టిన ఆ చల్లటి చాయ్‌ని గడగడా తానే తాగేశాడు. తర్వాత, ఆదివారం కాలేజీ ఉండదు కదా, అచ్చంపేట పోయొద్దామా అని అడిగాడు. వెనక సీట్లో గుర్వక్క పక్కన ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందట.

గుర్వక్క ఎవరో ఆదివారం నార్కట్‌పల్లిలో ఆమె ఇంటికి పోయే దారిలో చెప్పాడు. ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు ఏళ్ల తరబడి చాయ్ బండి నడిపిన గుర్వమ్మ. గ్లాసు అంచుదాకా నింపే అలవాటు ఆమెదే. పుట్టి పెరిగింది మర్రిగూడ దిక్కు పల్లెలో. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి నడుము వంగిపోయింది, కీళ్లు బిగుసుకుపోయాయి. ఆటో ఎక్కినా బస్సు ఎక్కినా ప్రతి కుదుపూ ఆమెకి నరకం. ఒక్కతే బిడ్డ, కోమల, అచ్చంపేటలో కాపురం ఉంటుంది. ఇన్నేళ్లలో బిడ్డే వచ్చి తల్లిని చూసి పోతోంది కానీ, తల్లి బిడ్డ గడప తొక్కలేదు. పోయిన ఏడాది కాక తన కారు ఉంది కదా అని బయలుదేరదీశాడు. నల్గొండ కూడా రాకముందే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందట. వెనక్కి తిప్పమని, ఇంకెప్పుడూ తనను ఎక్కడికీ తీసుకుపోవద్దని చెప్పిందట.

ఇప్పుడు కోమల ఇల్లు కట్టుకుంది. ఆ రోజే గృహప్రవేశం. తల్లిగారింటి నుంచి బట్టలు పెట్టాలి.

"ముందే చెప్పొచ్చు గదా కాకా. ఊరందరి బట్టలు ఖరాబు చేస్తివి" అన్నాను.

"చెప్తే ఆ ముచ్చట ఆమె దాక పోతది. పోతే ఆశ పడ్తది. నిండు చాయ్ నిలిచిన నాడు ఆమె నడుము బొక్కలు గూడ నిలుస్తయి, గప్పుడే పోయి పిలుద్దాం అనుకున్న."

నా చీరలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నాకు వాటి మీద ఉన్న బాధ అక్కడికక్కడే పోయింది. కాక మీద ప్రేమ పొంగుకొచ్చింది.

గుర్వమ్మ మమ్మల్ని చూడగానే చేతులు అడ్డంగా ఊపింది. తనతోని కాదంది. కాక బతిమాలలేదు. అరుగు మీద కూర్చుని, కోమల పొద్దున ఫోన్ చేసి అమ్మ వస్తుందా అని తనను అడిగిందని మాత్రం చెప్పాడు. గుర్వమ్మ చాలాసేపు కారు వైపు చూసింది. తర్వాత లోపలికి పోయి కొత్త బట్టల సంచి తెచ్చుకుంది. నేనూ కాకా పట్టుకుని, దిండ్లు సర్ది, మెల్లగా కూర్చోబెట్టాం. కాక గ్లాసు నింపి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు.

"తాగకు అక్కా, పట్టుకో."

నల్గొండ దాటింది, దేవరకొండ దాటింది. గుర్వమ్మ కళ్లు మూసుకునే ఉంది. కాక అద్దంలోంచి వెనక్కి చూస్తూ నడుపుతుంటే నా ప్రాణం ముందు రోడ్డు మీద ఉంది. డిండి దాటాక రోడ్డు పని కోసం తవ్వి వదిలేసిన ముక్క వచ్చింది. కాక బండి నెమ్మది చేశాడు. ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. కారు గుంతలోకి దిగింది, లేచింది, మళ్లీ దిగింది. నేను గుర్వమ్మ భుజం పట్టుకున్నాను. ఆమె నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు.

కాక బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు.

"అక్కా, చాయ్ ఒలికిందా?"

గుర్వమ్మ గ్లాసు చూపించింది. అడుగున ఒక్క చుక్క లేదు. కాక మొహం పాలిపోయింది.

"మొత్తం ఒలికిందా?"

"తాగిన" అంది గుర్వమ్మ.

"పట్టుకోమంటి గదనే."

"పట్టుకోనీకి ఎవలన్న చాయ్ పోస్తరా? చల్లారి ఖరాబైతది."

కాక ఆ ఖాళీ గ్లాసునే వెలుతురుకి ఎత్తి చూశాడు. "మరి నడుమెట్లున్నది?" అని మెల్లగా అడిగాడు.

"నడుము మంచిగనే ఉన్నది. చాయ్‌లనే చక్కెర ఎక్కువైంది."

కాక స్టీరింగ్ మీద తలపెట్టి నవ్వాడు. ఎంతసేపు నవ్వాడంటే, ఆఖర్న కండువాతో కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. అచ్చంపేటలో కోమల వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, కారు దిగుతున్న తల్లిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. గుర్వమ్మ బిడ్డ చేతిలో బట్టలు పెట్టి, కొత్త ఇంటి వంటగది ఎటుందో అడిగింది. స్టూలు వేసుకుని కూర్చుని, పాలు పొంగిన పొయ్యి మీదే కాకకి చాయ్ ఎట్లా పెట్టాలో చూపించడానికి.

ఇప్పుడు గుర్వమ్మ నెలకోసారి అచ్చంపేట పోయొస్తోంది. అమరేందర్ దుకాణం కొంచెం మందగించింది. కాక కారులో చాయ్ మాత్రం ఆగలేదు, చక్కెర తగ్గింది. నేను ఎక్కగానే గ్లాసు ఇచ్చి, "తాగు బిడ్డా" అంటాడు. నేనేమో అలవాటు కొద్దీ కాలేజీ దాకా పట్టుకునే కూర్చుంటాను.