గోడ కనిపించే గది

అందరూ దర్జీ అక్క అని పిలిచే ఆమె కుట్టుపోటీ కోసం భర్తతో మహానగరానికి వచ్చింది. ముదురు నీలం కోటుకు అంచు కుట్టడం ఇంకా మిగిలే ఉంది. తెల్లారితే దాన్ని పోటీలో పెట్టాలి.

హోటల్ గుమాస్తా ముందు రోడ్డువైపు గది చూపించాడు. మెత్తని పరుపు, కిటికీ నిండా నగరం. భర్త అప్పుడే చెప్పులు విప్పేశాడు. నల్లదారానికీ నీలిదారానికీ తేడా తెలియని చోట ఆమె సూది పట్టదు. రెండూ సంచిలోంచి తీసి కిటికీ దగ్గర పక్కపక్కన పట్టుకుంది. ఎండ కళ్లలో కొట్టి రెండూ ఒకేలా కనిపించాయి.

“ఇది వద్దు బాబూ, ఇంకోటి చూపించు.”

“గది అద్దెకు తీసుకుంటున్నావా, ఈ ఇంటికి కోడలిగా వస్తున్నావా?” అన్నాడు భర్త, మళ్లీ చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

రెండో గదిలో పసుపు దీపం. అదీ కాదంది. చివరికి గుమాస్తా వెనకవైపు గది తెరిచి, “ఇక్కణ్ణుంచి ఎదురు గోడ తప్ప ఏం కనబడదమ్మా,” అని నసిగాడు.

సున్నం కొట్టిన ఆ గోడ మీంచి నిలకడైన వెలుతురు లోపలికి వస్తోంది. దారాలు వేటికవే తెలిశాయి.

“నాక్కావలసింది ఆ గోడే!”

పొద్దు వాలేలోగా అంచు పూర్తయింది. మర్నాడు న్యాయనిర్ణేత కోటును ఎండలోకి తీసుకెళ్లి, తిప్పి తిప్పి చూసినా కుట్టు ఎక్కడుందో కనిపెట్టలేకపోయింది. మొదటి బహుమతి ప్రకటించగానే భర్త లేచి నిలబడి, “గోడ చూసి గెలిచింది మా ఆవిడ!” అని హాలంతా వినిపించేలా అరిచాడు.