లింబాద్రి ప్రశ్నల డబ్బా

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. లింబాద్రి రచ్చ ఎప్పుడో గెలిచాడు. కామారెడ్డిలో ఏ కారులో పాట ఆగినా, హారను మూగబోయినా అతని దుకాణానికే వస్తుంది. కన్నకూతురి నోరు విప్పించడమే చేతకాలేదు.

త్రివేణి ఎల్లారెడ్డి హాస్టల్లో తొమ్మిదో తరగతి. సెలవు కాగానే దింపి వచ్చే ఆ గంట ప్రయాణమే తండ్రీకూతుళ్లకు మిగిలింది. అందులోనూ ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగేది. "తిన్నవా?" అంటే "ఊఁ". "మంచిగ చదువుతున్నవా?" అంటే ఇంకో "ఊఁ". రెండేళ్ల కింద దుకాణంలో తన కాళ్లకు అడ్డంపడుతూ తిరిగిన పిల్లేనా ఇదని అతనికి దిగులు పట్టుకుంది.

దిగులుపడి కూర్చునే రకం కాదు లింబాద్రి. నెల తిరక్కుండా కారులో పెట్టే ఒక డబ్బా చేశాడు. ఇద్దరూ బెల్టు పెట్టుకుంటే అది ప్రశ్న అడుగుతుంది, జవాబు విన్నాకే ఇంకోటి. తెర లేదు, డ్రైవరు చూపు రోడ్డు మీంచి మరలదు. నోరు తెరిచి అడగలేనివన్నీ తన గొంతుతోనే అందులో నింపి, మీసం మెలేశాడు.

ఆదివారం కారు తాడ్వాయి దాటింది.

"ఈ నెలల నిన్ను బాగ నవ్వించిందెవరు?" అంది డబ్బా.

త్రివేణి ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్లు తీసింది. "భూమిక."

"చెప్పు బిడ్డా," అంది డబ్బా మళ్లీ.

"భూమిక అన్న గద."

"చెప్పు బిడ్డా."

లింగంపేట దాకా ఇదే వరస. లింబాద్రి డబ్బాను రెండుసార్లు తట్టి చూశాడు. చివరికి త్రివేణి వంగి డబ్బాను పరీక్షగా చూసింది.

"బాపూ, మైకు నీ దిక్కు పెట్టినవ్. నా మాట దీనికెట్ల ఇనవడతది?"

నిజమే. ఇరవై ఏళ్లుగా కార్లలో ఫోను మైకులు డ్రైవరు వైపే బిగించిన చెయ్యి, ఇదీ అలాగే బిగించేసింది.

"నీకెట్ల తెలుసు?"

"దుకాన్ల చూసి నేర్చుకున్న. నువ్వు హాస్టల్ల ఏసేదాక." పిల్ల గొంతు తగ్గింది. "నీ పనికి అడ్డమొస్తున్ననే ఏసినవా, బాపూ?"

లింబాద్రి కారు పక్కకు ఆపాడు. రెండేళ్లుగా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగిందా ఈ పిల్ల!

"అడ్డమేంది బిడ్డా. నీ చేతులకు నా లెక్క కాలిన మచ్చలు పడొద్దని ఏసిన. నువ్వు లేక దుకాన్ల నాకు మనసున పడ్తలేదు."

"గీ ముక్క అప్పుడే చెప్పొచ్చు గద."

చెప్పొచ్చు. చెప్పలేదు.

త్రివేణి డబ్బా వైరు పీకి ఒళ్లో పెట్టుకుంది. "దీన్ని నేను సక్కగ చేస్త. అందాక నువ్వే అడుగు."

ఒక్క ప్రశ్నా తోచలేదు లింబాద్రికి.

"నువ్వడుగు బిడ్డా," అన్నాడు. "నేను చెప్త."