పక్కింటి డిస్పోజల్ లారీ

మా ఆయన, పక్కింటి అన్నయ్య ఒకే వేలంలో చెరో లారీ కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ బళ్ళు. సైన్యం వాడి వదిలేసిన వాటిని డిస్పోజల్ లారీలు అనేవాళ్ళు. ఆరు చక్రాలు, ఎడమవైపు స్టీరింగు, పొడవాటి ముక్కు, పాచి రంగు. పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ దగ్గర మా రెండు రేకుల ఇళ్ళ మధ్య ఖాళీ జాగాలో ఆ రెండూ పక్కపక్కనే ఉండేవి. కొత్తగా వచ్చిన కుటుంబాలకు సర్కారు అడవి కొట్టించి పొలాలు ఇస్తున్న రోజులవి. కలప, వెదురు, ఇసుక, ధాన్యం, ఏది కదలాలన్నా లారీ కావాలి. ఊళ్ళో ఉన్న లారీలు తక్కువ.

మేము శ్రీకాకుళం వైపు సముద్రం మీద బతికినవాళ్ళం. చేపల వేటకే ఈ దీవులకు వచ్చాం. పడవ ఇంజన్లు విప్పి బిగించడం మా ఆయనకు బాగా తెలుసు కనుక లారీ అంటే భయపడలేదు. పక్కింటి అన్నయ్య కాకినాడ దగ్గరివాడు, క్రైస్తవుడు, మాకంటే ముందు వచ్చి ఇక్కడ డ్రైవరుగా స్థిరపడ్డాడు. పిల్లల్లేరు. ఆయన భార్యను వీధంతా దీదీ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మగవాళ్ళిద్దరూ కలిసి రెండు బళ్ళకూ గుడ్డ టాపులు తీసేసి, ఇక్కడి అడవుల్లో దొరికే గట్టి పడాక్ చెక్కతో బాడీలు కట్టారు. బరువు మోసే కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు వేశారు. ఒకరి పానాలు ఒకరు వాడుకునేవారు. ఏది ఎవరిదో చివరికి వాళ్ళకే తెలిసేది కాదు.

ఒక ఏడాది వానలు తగ్గుతుండగా అన్నయ్యకు దగ్గులో రక్తం పడింది. ఇక్కడి డాక్టరు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. మద్రాసు ఓడ ఎక్కబోతూ ఆయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "భయ్యా, బండిని నీకు అప్పగిస్తున్నా. అప్పుడప్పుడు స్టార్ట్ చెయ్. ఏదైనా జరూరత్ పడితే అందులోంచి తీసుకో, సంకోచించకు" అన్నాడు. ఆ మాట నేనూ విన్నాను. తరవాత మేము చేసిన ప్రతి పనికీ ఆ మాటనే అడ్డం పెట్టుకున్నాం.

మొదట పోయింది మా డైనమో. తుష్నాబాద్ అనే పల్లె నుంచి ధాన్యం బస్తాలతో వస్తూ బండి దారిలో ఆగిపోయింది. ఈ బళ్ళకు సామాన్లు ఇక్కడ దొరకవు. మద్రాసులో పాత ఇనుప కొట్లు వెతికించి ఓడ మీద తెప్పించాలి. "అన్నయ్య బండిది పెట్టీస్తాను. ఓడొచ్చాక మనది దానికి పెట్టీవచ్చు. ఏటంటావు?" అన్నాడు మా ఆయన. అడగడానికి నన్నే పంపాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్ళడమని ఆ పొద్దున మావాళ్ళ పడవలో వచ్చిన చేపల్లో మంచివి నాలుగు ఏరి ఆకులో చుట్టుకుని వెళ్ళాను. దీదీ చేపలు అందుకుని, "తీసుకోమను చెల్లీ, ఆయన చెప్పే వెళ్ళాడు కదా" అంది. మా ఆయన డైనమో విప్పుతుంటే టీ కూడా పెట్టి ఇచ్చింది.

ఓడ వచ్చింది. డైనమో రాలేదు. రేడియేటరు కారడం మొదలైతే వాళ్ళది తెచ్చుకున్నాం. తరవాత వెనక చక్రాల బ్రేకు సామాను. ప్రతిసారీ నేనే చేపలు పట్టుకుని వెళ్ళాను. దీదీ ఒంటరిగా ఉంది, రేషను మేమే తెచ్చిస్తున్నాం, జ్వరం వస్తే ఆసుపత్రికి మా లారీలోనే తీసుకువెళ్ళాం. ఇన్ని చేసినవాళ్ళకు ఆవిడ కాదని ఎలా చెబుతుంది? ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదని అనలేను. తట్టింది. అయినా వెళ్ళాను.

ఆ మధ్య ఓడ దిగిన మనిషొకడు కబురు తెచ్చాడు. ఆసుపత్రిలో అన్నయ్యను చూశాడట. ఎముకల గూడులా ఉన్నాడట, మళ్ళీ ఈ దీవి ముఖం చూడడం అనుమానమేనట. నేను కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన అన్నం తినకుండా లేచి వెళ్ళాడు. ఆ వారంలోనే మా బండి గేరుబాక్సులో పళ్ళు విరిగాయి.

పెట్రోలు తాగే పాత ఇంజను తీసేసి, పాడుపడిన ఒక సరుకు పడవలోంచి కొన్న డీజిలు ఇంజను పెట్టాలని మా ఆయనకు ఎప్పటినుంచో కోరిక. గేరుబాక్సు ఎలాగూ మార్చాలి కనుక రెండు పనులూ కలిపి చేద్దామన్నాడు. దానికి అన్నయ్య గేరుబాక్సు కావాలి. పడవ ఇంజనుకు అతకడానికి దాని ముందు భాగంలో కొత్త చిల్లులు వెయ్యాలి. అన్నయ్య బండిలో చక్రాలు తిప్పే షాఫ్టు కూడా తీసి, కోసి, పొట్టి చేసి వెల్డింగు పెట్టించాలి.

"మళ్ళీ దానికి పెట్టడం అవుతుందా?" అని అడిగాను.

మా ఆయన పానా కింద పెట్టాడు. తరవాత, "పెట్టమని అడిగేదెవులు?" అన్నాడు.

చేపలు కడిగి గిన్నెలో వేసుకుని పక్కింటికి వెళ్ళాను. దీదీ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసింది, నా చేతిలో గిన్నె చూసింది.

"ఇప్పుడేం కావాలి చెల్లీ?" అంది.

కోపంగా అనలేదు. ఉప్పు కావాలా, పంచదార కావాలా అని అడిగినట్టే అడిగింది. చెప్పాను. చాట పక్కన పెట్టి లేచి, గిన్నె ఖాళీ చేసి, కడిగి నా చేతికిచ్చింది. ఆ రోజు టీ పెట్టలేదు.

డీజిలు ఇంజనుతో మా లారీ బ్రహ్మాండంగా నడిచింది. తుష్నాబాద్ దారిలో కొండ చడావు ఆగకుండా ఎక్కేది. జనం వచ్చి ముక్కు మూత ఎత్తించి చూసి మెచ్చుకునేవారు. పక్కనే రాళ్ళ మీద నిలబెట్టిన అన్నయ్య బండికి తీగలు పాకాయి. సీటు కింద మా కోళ్ళే గుడ్లు పెట్టేవి. గుడ్లు తెచ్చుకోవడానికి వెళ్ళేటప్పుడు నేను దీదీ ఇంటి వైపు చూసేదాన్ని కాదు.

తరవాత ఒక రోజు మద్రాసు ఓడలో సరుకు వస్తే ఎత్తడానికి జెట్టీకి వెళ్ళాం. ఊరి నుంచి అమ్మ పంపిన మూట ఉందని నేనూ వెళ్ళాను. దిగుతున్న జనంలో రేకు పెట్టె మోసుకుంటూ ఒకాయన చెయ్యి ఊపాడు. ముందు పోల్చుకోలేదు. బుగ్గలు వచ్చాయి, ఒళ్ళు చేశాడు. అన్నయ్య.

సంతోషించాల్సింది. దేవుడి దయ అనుకోవాల్సింది. కానీ నా గుండెలో ముందు కలిగింది భయం. ఈయన ఎందుకు వచ్చాడు అనుకున్నాను. నిజంగా ఆ మాటలతోనే అనుకున్నాను. మా ఆయన ముఖం వైపు చూస్తే ఆయనదీ అదే పరిస్థితి.

"అరే భయ్యా, ఇంజను మార్చేశావా? చప్పుడే వేరేగా ఉంది" అంటూ అన్నయ్య లారీ ఎక్కి మా ఇద్దరి పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా ఆసుపత్రి కబుర్లు చెప్పాడు. తనకు సూదులు వేసిన నర్సమ్మ నెల్లూరుదట, రోజూ తిట్టి తినిపించేదట. మధ్యలో గేరు మారడం గమనించి, "గేరు బఢియాగా పడుతోంది. నీ గేరుబాక్సులో ఇంత మెత్తగా పడేది కాదే" అన్నాడు. మా ఆయన మళ్ళీ గేరు మార్చకుండానే బండి లాగించాడు. అన్నయ్య ఆసుపత్రి కబుర్లు ఆపేశాడు.

ఇల్లు చేరాక అన్నయ్య పెట్టె దింపి, ముందు తన బండి దగ్గరికే వెళ్ళాడు. ముక్కు మూత ఎత్తి చూశాడు. వంగి కిందికి చూశాడు. దీదీ గుమ్మంలోకి వచ్చి కొంగుతో నోరు కప్పుకుని నిలబడింది. భర్త బతికి వచ్చిన ఆనందంలో ఏడవాల్సిన మనిషి, మా వంక చూసి ఆగిపోయింది.

"అన్నయ్యా, నా బండి నువ్వు తీసుకో" అన్నాడు మా ఆయన. "నీ సామాను వెనక్కి పెట్టడానికి లేదు. కోసీసేను. నాదే నువ్వు తీసుకో. నాను మళ్ళీ వేటకెళ్తాను."

అన్నయ్య చేతులు తుడుచుకున్నాడు. "పిల్లలున్నవాడివి, బండి ఇచ్చేసి ఏం చేస్తావు? నేను తీసుకోమన్నాను, నువ్వు తీసుకున్నావు. నేను బతుకుతానని నేనే అనుకోలేదు భయ్యా, నువ్వెలా అనుకుంటావు?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటతో మా ఇంట్లో అన్నం సహించలేదు. ఆయన బతుకుతాడని మేము అనుకోని సంగతి ఆయనకు తెలిసిపోయింది. సామాను తీసుకున్నది పెద్ద తప్పు కాదేమో. మేము ఆయన్ను లెక్కలోంచి తీసేశాం, అదీ తప్పు. మా ఆయన రెండు రోజులు బండి తియ్యలేదు. మూడో రోజు అన్నయ్యే వచ్చి తలుపు తట్టి, "లోడు ఉందని పొద్దుటినుంచి మనిషి వచ్చి నిలబడ్డాడు. తాళం ఇవ్వు" అన్నాడు.

అలా లారీ ఇద్దరిదీ అయింది. జెట్టీ పని మా ఆయన చూసేవాడు, తుష్నాబాద్ వైపు అన్నయ్య తోలేవాడు. దీదీ నాతో మాట్లాడేది. పండగలకు కేకు పంపేది. కానీ మా ఇంటి నుంచి ఏది వెళ్ళినా గిన్నె ఖాళీగా తిరిగి పంపకుండా అప్పటికప్పుడే ఏదో ఒకటి వేసి పంపేది. ఒక్క పూట కూడా బాకీ ఉంచుకోలేదు. ఏడాది గడిచినా అది మారలేదు.

ఒకసారి తుష్నాబాద్‌లో మాకు తెలిసినవాళ్ళింట్లో పురుడైతే అన్నయ్యతో లారీలో వెళ్ళాను. చడావు దగ్గర ఆయన గేరు మార్చాడు. ఎప్పటినుంచో గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది.

"అన్నయ్యా, మా మీద మీకు కోపం రాలేదా?"

ఆయన చడావు పూర్తిగా ఎక్కేదాకా రోడ్డు చూస్తూ తోలాడు.

"వచ్చింది చెల్లెమ్మా. ఇప్పటికీ వస్తుంది. రాలేదంటే ఝూట్ అవుతుంది" అన్నాడు. "ఆసుపత్రిలో పడుకుని రోజూ ఆ బండినే తలుచుకునేవాణ్ణి. లేస్తే తోలుకుంటానని. అది మీ ఆయనకు చెప్పకు. కుంగిపోతాడు."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా, మా ఆయన పోయేదాకా. ఆ రోజు అన్నయ్య పక్కన కూర్చుని నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అయినా చాలా కాలానికి ఊపిరి తేలిగ్గా ఆడింది. అన్నయ్య క్షమించాడనుకుని మోసిన బరువు కంటే, ఆయనకు కోపం ఉందని తెలిసి మొయ్యడమే నాకు సులువైంది.

ఊళ్ళో పురుటింటి ముందు నన్ను దింపి, వక్కల బస్తాలు ఎత్తించుకుని సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి అన్నయ్య ముందుకు వెళ్ళాడు.