ఇనుప పెట్టెలకు పసుపు కుంకుమ

నేను చెప్పే మాటల్లో సగం కోసేసి వినాలని మా హోసూరు ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఈ ఒక్కదాంట్లో మాత్రం కోయడానికి ఏమీ లేదు.

మాది బండ్ల బ్రేకు సామాన్లు చేసే కంపెనీ. నేను డిస్పాచిలో పర్మనెంటు ఉద్యోగిని. మా పక్కనే ప్యాకింగ్. అక్కడి ఆడవాళ్ళంతా కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ళు. ఒక్కొక్క సామానునూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టడం వాళ్ళ పని. ఆ పెట్టెలు పోయేది ఎక్కడికో కాదు, రోడ్డు అవతలి పెద్ద కంపెనీకే.

వాళ్ళలో కుందారపల్లి నుంచి వచ్చే ఒకామె ఉండేది. ఒకరోజు చుడుతూ చుడుతూ ఆగి నన్ను అడిగింది.

“ఈడ మేము చుట్టేది, ఆడ వాళ్ళు చించేది. ఎవురికప్పా ఈ సేవ?”

ఆ మధ్యే ఆమె మేక, గాలికి కొట్టుకొచ్చిన కవరొకటి తిని చచ్చిపోయింది. లోపల గళ్ళు పెట్టిన ఇనుప పెట్టెలు చేయిస్తే, అవే పోతాయి, అవే వస్తాయి, కవరుతో పనే లేదు అని ఆమె ఆలోచన. ఆ ఏడు కంపెనీ కూడా గోడల నిండా పచ్చరంగు బోర్డులు పెట్టి ‘మార్పు మీతోనే మొదలు’ అని రాయించింది. ఇంకేం, ఆ ఆలోచనను భుజాన వేసుకుని నేను షెడ్డు షెడ్డూ తిరిగాను. తిరిగే దారిలో ఆమె మేక కాస్తా ఆవైంది. శూలగిరి సంతలో దాని పొట్ట కోస్తే మన కవరే బయటపడిందనీ, దానిమీద పార్టు నంబరు చెక్కుచెదరలేదనీ, బతికున్నప్పుడు అది అరిస్తే కవరు నలిగిన చప్పుడే వచ్చేదనీ చెప్పాను.

“ఇంకొంచెం తిరిగినావంటే ఏనుగును కూడా చంపుతావప్పా!” అని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

అందరూ పట్టుబట్టారు. పైవాళ్ళు ఒప్పుకున్నారు.

ఆయుధపూజ ముందురోజు కొత్త పెట్టెలు దిగాయి. ఆ పండక్కి ఎవరి మిషన్‌కు వాళ్ళు పసుపు కుంకుమలు పెట్టుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ప్యాకింగ్ ఆడవాళ్ళకు మిషన్ లేదు, ఏటా కత్తెరలకే బొట్టు పెట్టి సరిపెట్టుకునేవాళ్ళు. ఈసారి “మాకూ ఒగ సామాను వచ్చిందప్పా!” అంటూ పెట్టెలన్నిటికీ బొట్లు పెట్టారు, చేమంతి దండలు వేశారు. వాటిమీద ఎవరి కన్నూ పడకూడదని ఆమే దిష్టి తీసి బూడిదగుమ్మడికాయ కొట్టింది. పెద్ద మేనేజరు ఆమెకు శాలువా కప్పి ఫోటో తీయించాడు.

పండగ సెలవు ముగిసి వచ్చేసరికి గేటు దగ్గర కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు.

“చుట్టేదే లేదు గదమ్మా. ఇంక మీకు యాడ పని?”

ఆ ముక్క అంతవరకు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు. ఆడవాళ్ళంతా అన్నం క్యారియర్లు పట్టుకుని గేటు బయటే ఉండిపోయారు.

నేను మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. “వాళ్ళు మన ఎంప్లాయీస్ కాదు కదండీ, కాంట్రాక్టరు మనుషులు,” అన్నాడు. అతని వెనక గోడమీద శాలువాతో ఆమె ఫోటో. కింద ‘మార్పు తెచ్చిన మన ఉద్యోగి’ అని రాసి ఉంది.

కొన్నాళ్ళకు చుట్టాల పెళ్ళికి పూలు కావాలని ఊరిబయట గులాబీ తోటకు పోయాను. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా నిలబడి, గులాబీ కట్టలను ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ కవర్లలో దూరుస్తున్నారు. చివర్లో ఆమె.

“బాగుండావామ్మా?”

“ఉండానప్పా. కూలి దొరకతా ఉండాది.”

“ఈ పూలు యాడికి పోతాయి?”

“మన హోసూరు మార్కెట్‌కే. ఆడ కవర్లు పీకేసి ఒట్టి పూలు అమ్ముతారు.”

“మరి ఓనరుకు చెప్పలేదా?”

ఆమె ఓనరు గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“మెల్లగా మాట్లాడప్పా. ఈడ కూడా ఆడోళ్ళు ఇంతమంది ఉండారు.”

ఇంకో కవరు తీసుకుని, దాని మూతి ఊది తెరిచింది.